ఎవరి నోటి మాట, ఎవరి ఖాతా

అరుదైన భాషలంటే నాకు మక్కువ. పైకి మర్యాదగా వినిపించే ఈ మాటను కాస్త తిరగేసి చూసుకుంటే అంత మర్యాదగా ఉండదు. ఒక భాష మాట్లాడేవాళ్లు తగ్గేకొద్దీ దాని మీద నా ఆసక్తి పెరిగేది. నాలుగు లక్షల మంది భాష కన్నా నాలుగు వేల మందిది మిన్న. ముగ్గురు ముసలివాళ్ల నాలుక మీద మాత్రమే మిగిలింది మరీ మిన్న. సెమినార్లో ఎవరైనా లేచి "ఈ భాష ఇంకో తరం దాటదు" అంటే గదంతా నిట్టూర్చేది. నేనూ నిట్టూర్చేవాణ్ణి. ఆ నిట్టూర్పు అడుగున ఇంకేదో కదిలేది. దానికి ఇప్పుడు పేరు పెట్టమంటే ఉత్సాహం అంటాను. మా శాస్త్రంలో అందరూ ఇంతేనని అనను. నా సంగతి చెబుతున్నాను.

నాది శ్రీకాకుళం వైపు పల్లె. భాషాశాస్త్రం చదువుకున్నాను, అదే చెప్పుకుని బతికాను. ఉద్యోగం నుంచి దిగిపోయాక, నేను అచ్చువేసిన పత్రాల జాబితా ముందు పెట్టుకుని ఒక్కోదాని పక్కనా ఒకే ప్రశ్న రాసుకుంటూ పోయాను: దీనివల్ల బాగుపడింది ఎవరు? మొదటి జవాబుకు ఆలోచించనక్కర్లేదు. నేను. ప్రమోషను, పై దేశంలో సదస్సు, పేరు పక్కన కొన్ని అక్షరాలు. రెండో జవాబు వెతుక్కోవాల్సి వచ్చింది. కొన్నింటికి దొరికింది, చాలావాటికి దొరకలేదు. పరిశోధన చేసినవాణ్ణి వెంటనే ఫలితం చూపించమనేవాళ్లంటే నాకు ఇప్పటికీ చిరాకే. తెలుసుకోవడం కోసమే తెలుసుకునే హక్కు మనిషికి ఉంది. కాని ఆ తెలుసుకున్నది ఎవరి నోట్లోంచి వచ్చిందో వాళ్లు నా పక్కనే ఉన్నారు. వాళ్లకు అవసరాలున్నాయి. ఆ అవసరాల్లో కొన్నింటికి నా దగ్గరున్న విద్య పనికొస్తుంది. ఇవన్నీ తెలిసి కూడా నేను ఎటు చూస్తూ గడిపానన్నదే ఇక్కడ విచారించుకోవాలనుకుంటున్నాను.

సవర సంగతే తీసుకుంటాను. కువి, కొండ, కోయ, గోండీ మన ద్రావిడ కుటుంబంలోవి. సవర అలా కాదు, ముండా శాఖది. దాని దూరపు చుట్టాలు కంబోడియా, వియత్నాంలలో ఉన్నాయి. 2011 జనగణనలో సవర తమ మాతృభాష అని చెప్పుకున్నవాళ్లు నాలుగు లక్షల పైచిలుకు. ఎక్కువ మంది ఒడిశాలో ఉంటారు, మన వైపు సీతంపేట, భామిని కొండల్లో కొందరు. భాషాశాస్త్రవేత్తలకు ఈ భాష మహా ముద్దు, ఎందుకంటే ఇందులో క్రియ నామాన్ని మింగేస్తుంది. దున్నమాంసం తినడం అనే పనికి మనకు విడివిడి మాటలు కావాలి. సవర ఆ దున్నను తీసుకెళ్లి తినడమనే క్రియ లోపల పెట్టేసి ఒక్క రూపం చేసేయగలదు. దాని మీద లోకమంతటా వ్యాసాలున్నాయి. నేనూ ఆ క్రియల వెంట పడ్డవాణ్ణే. సాయంత్రాలు ఇంటి అరుగు మీద కూర్చుని, పులి మనిషిని చంపితే ఎలా అంటారు, మనిషి పులిని చంపితే ఎలా అంటారు, ఇద్దరూ ఒకరినొకరు చంపుకుంటేనో అని అడుగుతూ పోయేవాణ్ణి. పోడు పనికి పోయి వచ్చిన మనిషి ఓపిగ్గా చెబుతూ పోయేవాడు. మా వాడుకలో అతన్ని ఇన్‌ఫార్మెంట్ అంటారు. పత్రంలో అతని పేరు కృతజ్ఞతల్లో వస్తుంది. వ్యాకరణం మొత్తం అతనిది, వ్యాసకర్తను నేను.

అవే కొండల కింద ఆస్పత్రిలో అదే భాష మాట్లాడే ముసలమ్మ తన నొప్పి ఎలాంటిదో చెప్పుకోవాలంటే మనవడు తోడు రావాలి. అది పోటా, మంటా, సలుపా, తిమ్మిరా? మనవడికి బడి తెలుగు వచ్చు కాని ఈ తేడాలు చెప్పేంత తెలుగు రాదు, అవి తెలిసేంత సవరా రాదు. నర్సుకు సవర అసలే రాదు. ఆ మాటలు రాసుకుందామని నేనెప్పుడూ కూర్చోలేదు. నొప్పుల పేర్లలో వ్యాకరణ విశేషం ఏమీ కనపడలేదు మరి.

ఇక్కడ గిడుగు రామమూర్తి గారి దగ్గర ఆగకుండా ముందుకు పోలేను. ఆయన ఏ విశ్వవిద్యాలయంలోనూ భాషాశాస్త్రం చదవలేదు. 1880లో పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరినవాడు, చుట్టుపక్కల కొండల మీది మనుషుల మాట వినబడి నేర్చుకున్నాడు. సవరలో పిల్లలకు వాచకాలు రాశాడు, బడులు పెట్టించాడు. వ్యాకరణ గ్రంథం 1931లో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం నుంచి వచ్చింది, నిఘంటువు 1938లో వచ్చింది. అప్పటికి ఆయనకు డెబ్బై అయిదేళ్లు. ఇవాళ సవర మీద ఎవరు ఏం రాసినా ఆ రెండు పుస్తకాల మీద కాలు మోపే రాస్తారు. నేనూ అలాగే రాశాను. కాని ఆ వ్యాకరణాన్ని క్రియల కోసం కాక, ఎవరి కోసం రాశాడో చూద్దామని తిరిగి తెరిస్తే ఇంకోలా కనిపించింది. అది ఇంగ్లీషులో ఉంది, మాన్యువల్ అని పేరు పెట్టాడు. సవరలకు సవర నేర్పాల్సిన పని లేదు కదా. కొండ మీద పని ఉన్న బయటివాడు, అధికారో, పంతులో, ఆ భాష నేర్చుకోవడానికి పనికొచ్చే పుస్తకం అది. పిల్లలకేమో వాచకాలు. అంటే ఆయన నేర్చుకునే బరువును రెండు వైపులా పంచాడు. మేము ఆ మాన్యువల్‌ని దత్తాంశంగా మార్చుకున్నాం, వాచకాల ఊసు మరిచాం.

ఏటా ఆగస్టు 29న ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. దండలు వేసి వ్యావహారిక ఉద్యమం గురించి ఉపన్యాసాలిస్తాం. చివర్లో "సవరలకు కూడా సేవ చేశారు" అనే ముక్తాయింపు ఒకటి ఉంటుంది. ఆ ఉపన్యాసాలు నేనూ ఇచ్చాను. నా దృష్టిలో ఆయన చేసిన రెండు పనులూ ఒకటే పని. గ్రాంథికం రానివాడు మూర్ఖుడు కాడు అనడానికీ, తెలుగు రానివాడు మూర్ఖుడు కాడు అనడానికీ కావలసింది ఒకే జ్ఞానం. మొదటిదాంట్లో లాభం మనది కాబట్టి దాన్ని పండగ చేసుకున్నాం. రెండోది నిజంగా పాటిస్తే ఏజెన్సీలో మన పంతుళ్లే సవర నేర్చుకోవాలి, మన కార్యాలయాలే సర్దుకోవాలి.

2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం తెస్తూ ఉత్తర్వు ఇచ్చింది, మరుసటి ఏడాది ఏప్రిల్లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ అయిదారు నెలలూ పత్రికల్లో, సభల్లో మాతృభాష అనే మాట మారుమోగింది. మాలాంటివాళ్లం మాతృభాషలో చదువు పిల్లల హక్కు అని రాశాం. ఆ వాదన సరైనదే. కాని ఆ రాసిన ప్రతిచోటా మాతృభాష అంటే తెలుగే. తెలుగు మాతృభాష కాని పిల్లలు రెండు తెలుగు రాష్ట్రాల్లో లక్షల్లో ఉన్నారని తెలిసిన నాబోటివాడు కూడా ఆ మాటను అలాగే వాడాడు, ఎందుకంటే వాదనలో అది పదునుగా ఉంటుంది. ఇంగ్లీషు ముందు మనం బాధితులం. ఆ బాధలో ఒక సుఖం ఉంది. మన వెనక నిలబడ్డవాడి వైపు తిరిగి చూడక్కర్లేదు. సవర పిల్లాడికి తెలుగు మాధ్యమమూ ఇంగ్లీషు మాధ్యమమూ రెండూ పరాయి మాధ్యమాలే. రాజ్యాంగంలో 350ఎ అధికరణం 1956 నుంచి ఉంది. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో చెప్పే ఏర్పాటు చేయాలంటుంది. దాన్ని మనం ఎక్కువగా పక్క రాష్ట్రాల్లోని తెలుగు బడుల కోసం ఎత్తి చూపిస్తుంటాం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ఒక మంచి ప్రయత్నం మొదలైన మాట నిజం. గోండీ, కోయ, కొలామీ, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా, లంబాడీ, ఈ ఎనిమిదింటిలో తెలుగు లిపిలో వాచకాలు తయారు చేసి, ఒకటో తరగతి ఇంటి భాషలో మొదలుపెట్టి మెల్లగా తెలుగులోకి తీసుకువెళ్లే పద్ధతి. ఆ వాచకాల పనికి భాష తెలిసిన ఆదివాసీ ఉపాధ్యాయులు కూర్చున్నారు, భాషాశాస్త్రం తెలిసినవాళ్లు కూర్చున్నారు. ఆ పనికి వెళ్లిన సహచరుల గురించి మా వరండాల్లో ఏమనుకునేవాళ్లమో చెబితే బాగుండదు గాని చెబుతాను: పాపం, వాచకాలు రాసుకుంటున్నాడు. అంటే సిద్ధాంతం చాలక అటు పోయాడని. వాచకం రాస్తే మా వృత్తి లెక్కల్లో మార్కులు రావు. నిజానికి ఒక భాషకు రాత కుదర్చడం కన్నా కష్టమైన సిద్ధాంతం లేదు. సవరలో గాలిని గొంతులో చటుక్కున ఆపి పలికే ధ్వని ఒకటి ఉంది, దానికి తెలుగులో అక్షరం లేదు. దాన్ని రాయకుండా వదిలేస్తే వేర్వేరు మాటలు ఒకేలా కనిపించే ప్రమాదం ఉంది. కొత్త గుర్తు పెడితే ఆరేళ్ల పిల్లాడు రేపు తెలుగు పుస్తకంలో దానికోసం వెతుక్కుంటాడు. ఏది మేలో తేల్చడానికి ధ్వనిశాస్త్రం తెలియాలి, పిల్లలూ తెలియాలి. నాకు మొదటిదే తెలుసు.

అప్పట్లో ఒక తండ్రి నన్ను సూటిగా అడిగాడు. "మావోడికి సవర ఇంటికాడే వొస్తాది మాస్టారూ, దానికి బడెందుకు? తెలుగు సెప్పండి, ఇంగ్లీసు సెప్పండి." నేను భాష అంతరించిపోతుందని, సంస్కృతి అని, వారసత్వమని చెప్పుకుపోయాను. అతను మర్యాదగా విన్నాడు. అతను అడిగింది కొడుకు గురించి, నేను జవాబు చెప్పింది భాష గురించి. చెప్పవలసిన జవాబు నా విద్యలోనే ఉంది. చదవడం అనేది ఒక్కసారే నేర్చుకునే విద్య, తెలిసిన భాషలో నేర్చుకుంటే తొందరగా పట్టుబడుతుంది, పట్టుబడ్డాక తెలుగుకూ ఇంగ్లీషుకూ అదే అక్కరకొస్తుంది, కాబట్టి సవరలో మొదలుపెట్టడం తెలుగును వెనక్కి నెట్టడం కాదు. అతనికి అర్థమయ్యేది, అతను కోరుకునేది అదే. భాషను కాపాడటం నా కోరిక, పిల్లాడు నెగ్గుకురావడం అతని కోరిక. రెండూ ఒకచోట కలుస్తాయి గాని, నా కోరికను ముందు పెట్టి మాట్లాడితే అతనికి అది వినపడదు. ఇంకో మాటా చెప్పాలి. కొందరికి ఆ పద్ధతి చెప్పినా వద్దంటారు. అప్పుడు ఒప్పించే హక్కు నాకుందా? నా పిల్లలు ఇంగ్లీషు మాధ్యమంలో చదివారు.

అమెరికా భాషాశాస్త్రవేత్త విలియం లబోవ్ రాసిన ఒక సూత్రం మా విద్యార్థులకు చెబుతూ ఉండేవాణ్ణి. 1982లో రాసిన వ్యాసంలో ఆయన దాన్ని రుణం అన్నాడు. ఒక జనం దగ్గర భాష సంపాదించుకున్న పరిశోధకుడు, వాళ్లకు అవసరం వచ్చినప్పుడు ఆ జ్ఞానంతో వాళ్ల తరఫున నిలబడాలి. ఆయన ఊరికే అనలేదు. మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్‌లో ఒక ప్రాథమిక పాఠశాలలో చదివే పేద నల్లజాతి పిల్లల తల్లిదండ్రులు బడి యంత్రాంగం మీద కేసు వేశారు. పిల్లలకు నేర్చుకునే శక్తిలో లోపముందని ముద్ర వేసి పక్కన పెడుతున్నారని. లబోవ్ సాక్ష్యం చెప్పాడు. ఆ పిల్లలు మాట్లాడేది పాడైన ఇంగ్లీషు కాదు, దానికంటూ నియమాలున్న మాండలికం అని చూపించాడు. 1979 జూలైలో జడ్జి చార్లెస్ జాయినర్ తీర్పిచ్చాడు. పిల్లల భాషను తీసిపారేయలేదాయన, పంతుళ్లకు దాని గురించి తెలియకపోవడాన్ని తప్పుపట్టాడు. చదవడం నేర్పేటప్పుడు ఇంటి భాషను లెక్కలోకి తీసుకునేలా పంతుళ్లకు నేర్పమన్నాడు.

ఇది చదివినప్పుడల్లా నా బడి గుర్తుకొచ్చి ఒళ్లు మండేది. మా ఊళ్లో నేను 'నాను'. 'ఏటి', 'బేగి', 'సెప్పినాడు', అన్నీ ఉన్నాయి. పాఠంలో 'చెప్పాడు' అని ఉంటే 'సెప్పినాడు' అని చదివే పిల్లాడు తప్పు చదవలేదు. రాసినదాన్ని చదివి, అర్థం చేసుకుని, తన భాషలోకి తెచ్చుకుని పలికాడు. తెలియని మాటను గుడ్డిగా 'చెప్పాడు' అని అప్పగించిన పక్కవాడి కన్నా మెరుగ్గా చదివాడు. బెత్తం మాత్రం అతనికే పడుతుంది. పలకడంలో తేడాను చదవడంలో తప్పుగా లెక్కించడం ఈ రోజుకీ ఉంది. భాషాశాస్త్రం ఒక్క పూట శిక్షణలో పంతుళ్లకు చెప్పగల విషయమిది. పెద్ద పరిశోధన అక్కర్లేదు, కొత్త వాచకం అక్కర్లేదు. ఏ జిల్లాలో ఏ ధ్వని ఎలా మారుతుందో రెండు పేజీల కాగితం చాలు. నేను రాసిన వ్యాసాల్లో ఆ రెండు పేజీలు లేవు.

పైగా నేను చేసిందేమిటి? 'నాను' వదిలేశాను. తరగతిలో నిలబడి "ఏ మాండలికమూ ఇంకోదాని కన్నా తక్కువ కాదు" అనే వాక్యాన్ని ఎప్పుడూ మధ్యకోస్తా తెలుగులోనే చెప్పాను. ఈ వ్యాసమూ అందులోనే రాస్తున్నాను. తెలంగాణ నుంచి వచ్చిన విద్యార్థులు అది విని లోపల నవ్వుకునే ఉంటారు. వాళ్ల మాట సినిమాల్లో దశాబ్దాల పాటు రౌడీకీ హాస్యగాడికీ మాత్రమే దక్కింది. దాన్ని మార్చింది మా పత్రాలు కాదు, తెలంగాణ ఉద్యమం. ఆ తర్వాత మేం వెళ్లి దాన్ని విశ్లేషించాం. ఇలా రాస్తున్నానని నా శాస్త్రాన్ని చిన్నబుచ్చుతున్నట్టు కాదు. అవమానపడ్డవాడికి "నీ మాటకూ వ్యాకరణముంది" అని రుజువుతో సహా చెప్పగలిగేది ఇదొక్కటే. నాకు పద్దెనిమిదేళ్ల వయసులో ఎవరో అది చెప్పారు, నడుం నిటారైంది. తర్వాత నేనది ఇంకొకరికి చెప్పడానికి ఎంత దూరం నడిచానన్నదే లెక్క.

మన మాండలికాల పని ఆలస్యంగా మొదలవడానికి చరిత్రలో కారణమూ ఉంది. గ్రియర్సన్ నడిపిన పెద్ద భాషా సర్వే మద్రాసు ప్రెసిడెన్సీని, హైదరాబాదు, మైసూరు సంస్థానాలను వదిలేసింది. భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఊరూరా తిరిగి రైతుల మాటలు సేకరించిన వ్యవసాయ పదకోశం 1962లో వచ్చింది, చేనేతది 1971లో. తెలుగును తూర్పు, దక్షిణ, ఉత్తర, మధ్య మండలాలుగా చూడటం ఆ పనిలోంచి వచ్చిందే. నాగలి భాగాలకు ఏ తాలూకాలో ఏ పేరో అందులో ఉంది. రైతుకు పురుగుమందు సలహా రాసేవాడి బల్ల మీద ఆ పుస్తకం ఉండాలి. నేను చూసినంతలో అది మా గ్రంథాలయాల్లోనే ఉంది.

జనగణన దగ్గర మాత్రం మా విద్య బల్ల ఇవతలా అవతలా కూడా ఉంది. 2011లో జనం తమ మాతృభాషలుగా చెప్పిన పేర్లు 19,569. వాటిని వడగట్టి, కలిపి, పదివేల మందికి పైగా మాట్లాడే 270 మాతృభాషలుగా, వాటిని మళ్లీ 121 భాషలుగా సర్దారు. ఈ సర్దుబాటు చేసేది భాషావిభాగం. అందులో లంబాడీ హిందీ కింద పడింది. 32 లక్షల 76 వేల మంది. తెలంగాణ తండాలో గోర్ బోలీ, అంటే లంబాడీ, మాట్లాడే తల్లి, ఒక్క హిందీ ముక్క రాకపోయినా, దేశం లెక్కలో హిందీ ఆమె. ఎరుకల తమిళం కింద ఉంది. పదివేలు దాటని భాషలు 'ఇతరములు'. ఒక భాష ఇంకోదానిలో భాగమా, వేరా అన్న ప్రశ్న మా తరగతిలో సరదా చర్చ. జనగణనలో అది వాచకం వస్తుందా రాదా, రేడియోలో అరగంట దొరుకుతుందా లేదా అనే నిర్ణయం. గదబ ఇంకా తమాషా. ఆ తెగ పేరుతో రెండు భాషలున్నాయి. ఒకటి ద్రావిడం, ఒకటి ముండా. ఒకదానికీ ఇంకోదానికీ తెలుగుకూ సంతాలీకీ ఉన్నంత దూరం. జనగణన పట్టికలో మాత్రం గదబ ఒకటే. రేపు ఎవరైనా మంచి మనసుతో గదబ వాచకం వేయించి అన్ని గదబ ఊళ్లకూ పంచితే సగం ఊళ్లలో పిల్లలకు అది తెలుగంత పరాయిగా ఉంటుంది. ఆ ఒక్క ముక్క సరైన సమయానికి సరైన అధికారికి చెప్పడం ఒక గ్రంథం రాయడం కన్నా పెద్ద సేవ. కాని ఆఫీసు వరండాల్లో కూర్చోవడానికి నాకు నామోషీ. అక్కడ నన్ను ఎవరూ ప్రొఫెసర్ గారూ అనరు.

మా విద్య పనికి రావలసిన ఇంకో చోటు కోర్టు. ఫిలడెల్ఫియాలో సర్టిఫికెట్ ఉన్న కోర్టు రిపోర్టర్లకు నల్లజాతి మాండలికంలోని వాక్యాలు వినిపించి పరీక్షిస్తే, పూర్తిగా సరిగ్గా రాసిన వాక్యాలు అరవై శాతం కూడా లేవని 2019లో వచ్చిన పరిశోధన చూపించింది. మన కింది కోర్టుల్లో సాక్షి చెప్పేది తెలుగులోనో కోయలోనో, చాలాసార్లు రికార్డుకెక్కేది ఇంగ్లీషులో. ఇక్కడ అలాంటి పరీక్ష ఎవరైనా చేయాలి. నా వయసు దాటిపోయింది. చేస్తామనే కుర్రవాళ్లుంటే వెనక నిలబడతాను.

లబోవ్ చెప్పిన రుణం సంగతికి వస్తే, నా దగ్గర పాత క్యాసెట్లున్నాయి. సీతంపేట దగ్గర ఆశ్రమ పాఠశాలలో పనిచేసే ఒక సవర కుర్రాడు వాటి గురించి విని అడిగాడు. పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చాను. కొన్నాళ్లకు ఫోన్ చేసి, "మాస్టారూ, ఇందులో మా తాత ఉన్నాడు గాని, మీరడిగిందానికి జవాబు తప్ప ఏం మాట్లాడనివ్వలేదు" అన్నాడు. నిజమే. పులి, మనిషి, చంపడం. రికార్డరు నొక్కే ముందు ఆయన చెప్పిన కబుర్లు, మధ్యలో ఇంట్లోవాళ్లతో వేసిన కేకలు, పాటలు, ఇవన్నీ నాకు చెత్త. శుభ్రమైన దత్తాంశం కోసం ఆపి, తిరిగి నొక్కేవాణ్ణి. వాళ్ల ఇంటికి కావలసింది నేను ఆపేసిన భాగం.

ఆ కుర్రాడే నన్ను నొప్పుల మాటల్లోకి దింపాడు. ఇప్పుడు చేస్తున్నది చిన్న పని: ఒళ్లు, నొప్పి, జ్వరం, విరేచనం, పురుడు, వీటికి సంబంధించిన సవర మాటల పట్టిక. ఆస్పత్రిలో ఏఎన్ఎం నర్సు చేతిలో పెట్టడానికి. నేను బంధుత్వ పదాలతో మొదలుపెడదామన్నాను, అవి ఆసక్తిగా ఉంటాయని. "మీకు" అన్నాడు. లిపి దగ్గర గొడవొచ్చింది. కుర్రాడి చుట్టాలు ఒడిశాలో గునుపురం వైపున్నారు. అక్కడ బడి రాత ఒడియా లిపిలో. 1936లో మంగేయి గొమాంగో తీర్చిన సొరాంగ్ సొంపెంగ్ లిపి ఉంది, దానికి ఆరాధనతో ముడి ఉంది, 2012లో యూనికోడ్‌లోకీ ఎక్కింది. క్రైస్తవులు రోమన్ లిపి వాడతారు. చుట్టాలకు మన పట్టిక తెలుగు లిపిలో రావడం నచ్చలేదు. అందరికీ ఒకే రాత ఉండాలని నేనూ పెద్ద ప్రసంగం చేశాను. కుర్రాడు ఒకటే అన్నాడు: "ఇది సవరోళ్లు చదవడానికి కాదు మాస్టారూ, నర్సమ్మ చదవడానికి. ఆవిడకి తెలుగొక్కటే వచ్చు." గొంతులో ఆపే ధ్వనికి చిన్న గీత ఒకటి పెట్టి, ఆవిడ చేత పలికించి చూశాం. మొదట్లో రాలేదు. సవర ఆడవాళ్లు నవ్వారు, నేర్పారు, వచ్చింది.

పట్టిక రెండు వారాలు వాడాక ఏఎన్ఎం గారు ఒక లోపం చెప్పారు. నొప్పి పేర్లు బాగున్నాయి గాని, ఎన్నాళ్ల నుంచి అని అడగడం ఎలా? రోజుల లెక్కలో అడిగితే ముసలివాళ్లు తడుముకుంటున్నారు, సంతల లెక్కలో అయితే టక్కున చెబుతారు, ఈ సంత నుంచా, పోయిన సంత నుంచా అని. అంటే మాటలు చాలవు, ప్రశ్నలు కావాలి, ప్రశ్నలంటే క్రియలు. నాకు ప్రాణం లేచొచ్చింది. అటక మీంచి పాత నోటు పుస్తకాలు దించి, ప్రశ్నార్థక రూపాలన్నీ వరసగా రాసి పంపాను. కుర్రాడు సగానికి పైగా కొట్టేసి వెనక్కి పంపాడు. పక్కన తెలుగులో రాశాడు: "వ్యాకరణం కరెక్టే మాస్టారూ, కానీ జబ్బు మనిషిని ఎవరూ ఇలా అడగరు."